ఎక్కువలో ఎక్కువ రెండు సెకన్లు

అవార్డు వచ్చి నెలన్నర అయింది. ఈ నెలన్నరలో నేను కంటినిండా నిద్రపోయిన ఆదివారం ఒక్కటి లేదు. వారానికి రెండు బడుల వాళ్ళు పిలుస్తారు, ఒక కాలేజీ వాళ్ళు పిలుస్తారు, మధ్యలో ఏదో ఒక సంఘం వాళ్ళు కారు పంపిస్తారు. కాదనలేక వెళ్తాను. నా వెనక కట్టిన బ్యానరు మీద ‘అందరికీ లెక్కలు, అందరికీ సైన్సు’ అని నా ఎత్తు అక్షరాలుంటాయి. నేను ఎత్తు తక్కువ మనిషిని, అది వేరే సంగతి. మైకు ముందు నిలబడి అవే మాటలు, అవే చోట్ల ఆగుతూ చెప్తాను. చప్పట్లు కూడా అవే చోట్ల పడతాయి. ఇంటికొచ్చి మోకాళ్ళకు మందు రాసుకుంటూ ఇంకెన్నాళ్ళు అనుకుంటాను. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళ నాలుగు నెలలుంది.

అయితే అవార్డు ఊరికే రాలేదు. ఎవరూ చెప్పకపోతే ఆ మాట నేనే చెప్పుకుంటాను. నేను ఈ బడిలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతి చివర ఒక పరీక్ష ఉండేది. రెండు గంటలు, ముప్పై లెక్కలు. గట్టెక్కినవాళ్ళు ‘లెక్కలు–సైన్సు’ విభాగానికి, మిగతావాళ్ళు ‘సాధారణ’ విభాగానికి. సాధారణంలో పడితే ఫిజిక్సు లేదు, కంప్యూటరు గది లేదు, ఆ తర్వాత ఇంజినీరింగన్న మాటే లేదు. పద్నాలుగేళ్ళ వయసులో పిల్లకో పిల్లాడికో తలుపు మూసేసి, మూసినట్టు కూడా చెప్పేవాళ్ళు కాదు. ఆ పరీక్ష వేగంగా చేసేవాళ్ళనే ఏరుతుందని, ఇంట్లో చెప్పేవాళ్ళున్న పిల్లలే గట్టెక్కుతారని నేను నాలుగేళ్ళు కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికి పరీక్ష ఎత్తేశారు. దాని బదులు ఒక షీటు వచ్చింది. ఏడాదంతా లెక్కలు చెప్పిన టీచరు, ఏ పిల్ల ఏ విభాగానికి వెళ్ళాలో ఆ షీటులో రాస్తుంది. ‘రెండు గంటల పరీక్షకంటే ఏడాదంతా చూసిన మనిషికి ఎక్కువ తెలుస్తుంది’ అన్న నా మాటను అవార్డు పత్రంలో అచ్చు వేశారు కూడా.

అది జరిగి పద్నాలుగేళ్ళు. ఒకప్పుడు తరగతిలో పావువంతు మంది లెక్కలు–సైన్సుకి వెళ్ళేవాళ్ళు, ఇప్పుడు సగం పైనే వెళ్తున్నారు.

ఈ ఏడాది నా తరగతిలో నలభై ఒక్క మంది. సోమవారం పొద్దున్నే షీటు నింపి హెడ్మాస్టరుకి ఇచ్చేశాను. ఇరవై నాలుగు మంది లెక్కలు–సైన్సుకి, పదిహేడు మంది సాధారణానికి. నింపడానికి పట్టింది పావుగంట. ఏడాదంతా చూసినదాన్ని, ఇంకా ఆలోచించేదేముంది? మార్పులేమైనా ఉంటే శుక్రవారం మూడింటిలోగా చేసుకోవచ్చు. నేను ఎప్పుడూ ఏదీ మార్చింది లేదు.

ఆ పదిహేడు మందిలో రబ్బరు ఒకతె. తరగతిలో పిల్లలు పెట్టిన పేరది. ఏది రాసినా చెరిపేస్తుంది. నోట్సు తెరిస్తే పేజీలు గుడ్డలా మెత్తబడి ఉంటాయి. కిటికీ పక్క వరసలో కూర్చుంటుంది, మాట బయటికి రాదు. ప్రశ్న అడిగితే మొహం ఎర్రబడుతుంది. అలాంటి పిల్లని నిలబెట్టి ఏడిపించడం నాకు చేతకాదు, అందుకే జవాబు చప్పున నేనే అందించి కూర్చోబెట్టేస్తాను. ఆమె పేరు పక్కన షీటులో ఇలా రాశాను: ‘మంచి పిల్ల. ఒత్తిడి తట్టుకోలేదు. సాధారణ విభాగంలో సుఖంగా ఉంటుంది.’

వాళ్ళమ్మ క్రితం నెల తల్లిదండ్రుల సమావేశానికి వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. చేతులు ఆవిరికి నాని ముడతలు పడి ఉన్నాయి.

“మా లాండ్రీలో మిషన్లు ఆగిపోతే బాగుచెయ్యడానికి ఒకావిడొస్తుంది మేడం. ఇదేమో ఆవిడ వెనకే తిరుగుతూ ఉంటుంది. పెట్టె మొయ్యనా, లైటు పట్టుకోనా అంటూ. నేనూ ఆ చదువే చదువుతానంటోంది. అవుతుందంటారా?”

ఆ చదువుకి లెక్కలు–సైన్సు కావాలి. అది లేకపోతే దరఖాస్తు కూడా తీసుకోరు. నేను ఆమె చేతి మీద చెయ్యి వేసి, “చూద్దామమ్మా. పిల్ల మీద మరీ బరువు పెట్టకూడదు కదా,” అన్నాను.

“మీరెలా అంటే అలాగే మేడం. మీకు తెలియనిదేముంది,” అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఇక గడియారం మాస్టారి సంగతి. టీచరు శిక్షణలో భాగంగా ఆరువారాలపాటు నా తరగతి గమనించడానికి ఒకాయన వచ్చాడు. వయసు నలభై ఆరు. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఫ్యాను మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. అక్కడ ఈయన ఉద్యోగమేమిటంటే, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని ఎవరికి ఏ పనికి ఎన్ని సెకన్లు పడుతోందో కొలవడం. ఫ్యాక్టరీ మూతపడితే ఈ వయసులో టీచరవుదామని బయల్దేరాడు. వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని ఏదో రాసుకునేవాడు. నేను పట్టించుకోలేదు. శిక్షణకు వచ్చేవాళ్ళు నా గురించి మంచి మాటలే రాసుకుపోతారు.

మంగళవారం స్టాఫ్‌రూములో ఆ నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. ప్రతి పేజీ కింద నా సంతకం కావాలి. చేతిలో టీ, కళ్ళ మీద నిద్ర. చదవకుండానే రెండు పేజీలకు సంతకం పెట్టేశాను. మూడో పేజీలో నా కన్ను ఆగింది. పిల్లల పేర్లు వరసగా రాసి, ఎదురుగా అంకెలు వేసి ఉన్నాయి. తొమ్మిది, ఏడు, పదకొండు. కింద ఇంకో వరస. ఒకటిన్నర, ఒకటి, రెండు, ఒకటి.

“ఏమిటివి మాస్టారూ?” అన్నాను.

“సెకన్లండి. మీరు ప్రశ్న అడిగాక, పిల్లల జవాబు కోసం ఎంతసేపు ఆగారో.”

“ఎవరు చెప్పారు మీకు ఇవి కొలవమని?”

“ఎవరూ చెప్పలేదండి. గమనించమన్నారు. నాకు వచ్చిన గమనించడం ఇదొక్కటే.”

పేజీ తిప్పాను. ముందు బెంచీల వాళ్ళకి ఏడు, తొమ్మిది. ఒకడికైతే పద్నాలుగు సెకన్లు ఆగానట. కిటికీ వరసకి ఎవరికీ రెండు దాటలేదు. రబ్బరు పేరు దగ్గర ఇలా ఉంది: ‘ఆరువారాల్లో అడిగినది పదకొండు సార్లు. ఆగినది ఎక్కువలో ఎక్కువ రెండు సెకన్లు. జవాబు చెప్పినవారు: మేడం, పదకొండు సార్లు.’

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అంటే ఏమిటి మీ ఉద్దేశం? నేను పిల్లల్ని తేడాగా చూస్తున్నానా?”

“నేనలా రాయలేదండి.”

“మరి దీనికి అర్థమేమిటి? ఆ పిల్ల నిలబడితే చాలు, వణికిపోతుంది. నలభై మంది ముందు దాన్ని అలా వదిలెయ్యమంటారా? మీ ఫ్యాక్టరీలో నట్లు బిగించేవాళ్ళ లెక్క కాదండీ ఇది. మనసుంటుంది పిల్లలకి.”

ఆయన తన పెన్నుకి మూత పెట్టాడు. తర్వాత మెల్లగా, “ఆ అమ్మాయికి వస్తుందో రాదో నాకు తెలీదండి. రెండు సెకన్లలో మీకు ఎలా తెలిసిందో అది కూడా తెలీలేదు,” అన్నాడు.

ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న సోషల్ టీచరు పేపరులోంచి తల ఎత్తి మా ఇద్దరినీ చూసింది. నేను నోటుబుక్కు మూసి ఆయన వైపు తోసేశాను. మిగతా సంతకాలు రేపు పెడతానన్నాను. టీ కప్పు పెట్టబోతే బల్ల మీద ఒలికింది, ఆ సంగతి ఆయన చూశాడు, చూడనట్టు వెళ్ళిపోయాడు. మనిషి మంచివాడే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

సాయంత్రం మా ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న పని. మా ఆయన కరెంటు లైన్‌మన్‌గా చేసి నిరుడే రిటైరయ్యారు. ఈమధ్య టీవీ గోడలు అదిరేలా పెడుతున్నారు. డాక్టరు చిన్నవయసు అమ్మాయి. కాగితం మీద పేరు రాసుకుని ఆయన వైపు తిరిగింది.

“ఎప్పట్నుంచండీ వినపడకపోవడం?”

“ఏడాదైందండీ. ఎడమ చెవి. ఫోను కూడా కుడి చెవికే పెట్టుకుంటారు,” అన్నాను.

“చెవిలో మోతలాంటిదేమైనా వస్తోందా?”

“లేదండీ, మోత గీత ఏం లేదు,” అన్నాను.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. “మేడం, ఒక్క నిమిషం ఆయన్ని చెప్పనిస్తారా?”

మా ఆయన నవ్వారు. “అలవాటైపోయింది లెండి డాక్టరుగారూ. ముప్పై ఏళ్ళుగా నా జవాబులన్నీ ఈవిడే చెప్తోంది. నాకూ సుఖంగానే ఉంది.” తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “మోత వస్తోందండి. ఆర్నెల్ల నుంచి. సన్నగా, ఈల వేసినట్టు. పడుకుంటే ఎక్కువవుతుంది,” అన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబెట్టి అడిగాను. “ఆర్నెల్లా? నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?”

“చెప్దామనే అనుకున్నానోయ్. నువ్వు అడుగుతావు, నువ్వే చెప్పేస్తావు. ఇంక మధ్యలో నేనెందుకని,” అన్నారు. ఏమాత్రం కోపం లేకుండా, ఏదో వాతావరణం గురించి చెప్తున్నట్టు అన్నారు. లోపల ఆయనన్న ‘సుఖంగా’ మాత్రం నాకు తగలవలసిన చోటే తగిలింది. ఆటోలో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఆయన నేను అలిసిపోయాననుకున్నారు. అదీ నిజమే.

బుధవారం ఆఖరి పీరియడ్ అయ్యాక రబ్బరుని ఉండమన్నాను. పిల్ల ఏదో తప్పు చేసినదానిలా బెంచీ అంచున కూర్చుంది. నేను ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. పక్కగదిలో ఊడ్చేవాళ్ళు బెంచీలు జరుపుతున్నారు. ఒక కాగితం మీద లెక్క రాసిచ్చాను. దీర్ఘచతురస్రంగా ఉన్న ఒక దుప్పటి. చుట్టుకొలత ముప్పై నాలుగు, వైశాల్యం అరవై. పొడవెంత, వెడల్పెంత?

“నేనేమీ చెప్పను. ఎంతసేపు పట్టినా సరే. చేసుకో,” అన్నాను.

పిల్ల కాగితం వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. అప్పుడు తల వంచింది.

రెండు సెకన్లంటే ఎంతసేపో నాకు అప్పుడు తెలిసింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో అప్పుడు తెలిసింది. పెన్సిలు చేతిలోకి తీసుకోవడానికే రెండు సెకన్లు సరిపోవు. అరనిమిషం గడిచేసరికి ‘పొడవుని x అనుకో’ అన్న మాట నా నాలుక చివర్న కూర్చుంది. మింగేశాను. నిమిషం గడిచింది. పిల్ల ముప్పై నాలుగుని సగం చేసి పదిహేడు అని రాసింది. చెరిపేసింది. మళ్ళీ పదిహేడు అనే రాసింది. ‘సరిగ్గానే రాశావమ్మా, ఎందుకు చెరుపుతావు’ అనబోయాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, లేకపోతే ఆ పెన్సిలు లాక్కుని నేనే చేసేసేదాన్ని. సాయం చెయ్యాలన్న ఆత్రమంటారు దీన్ని. నిజం చెప్పాలంటే అందులో సాయం కొంచెమే. నాకు ఆ నిశ్శబ్దం భరించడం రాదు. ఎవరైనా తెలియక కూర్చుంటే నా ఒంట్లో ఏదో గోకుతుంది. ఆ గోకుడు ఆపుకోవడానికి జవాబు చెప్పేస్తాను, దాన్ని దయ అనుకుంటాను.

మూడు నిమిషాలు. పిల్ల ఎనిమిది, తొమ్మిది అని రాసింది. పక్కన డెబ్భై రెండు. దాని కింద ఏడు, పది, డెబ్భై. ఆరు, పదకొండు, అరవై ఆరు. ఐదు, పన్నెండు, అరవై. వచ్చేసింది. కానీ పిల్ల ఆగలేదు. డెబ్భై రెండుకీ డెబ్భైకీ మధ్య రెండు అని వేసింది. డెబ్భైకీ అరవై ఆరుకీ మధ్య నాలుగు. ఆ తర్వాత ఆరు. పెన్సిలు చివర పళ్ళ మధ్య పెట్టుకుని ఆ మూడు అంకెలనే చూస్తూ కూర్చుంది. తర్వాత కింద ఎనిమిది అని రాసి, అరవై లోంచి ఎనిమిది తీసేసి యాభై రెండు వేసింది. అప్పుడు పక్కన నాలుగు, పదమూడు రాసి, హెచ్చించి చూసుకుంది. యాభై రెండే వచ్చింది. పిల్ల మొహంలో నేను ఏడాదంతా చూడని వెలుగు ఒకటి కనిపించింది. నేను అడిగింది చేసి ఊరుకోలేదు, అడగనిది కనిపెట్టింది.

నా మోకాలు పట్టేసింది. కుర్చీలో కొంచెం కదిలాను, కుర్చీ కిర్రుమంది. అంతే. పిల్ల రబ్బరు తీసుకుని ఆ ఐదు వరసలూ గబగబా చెరిపేసింది.

“అయ్యో! ఎందుకు చెరిపావు?” అని అరిచాను.

పిల్ల బిక్కచచ్చిపోయింది. “తప్పు కదా మేడం.”

“తప్పని ఎవరన్నారు?”

“మీరు కదిలారు.”

“కదిలితే?”

“తప్పయితే మీరు కదులుతారు మేడం. ముందుకొస్తారు. ఒప్పయితే బోర్డు వైపు తిరుగుతారు.” రబ్బరు పొడి కాగితం మీంచి ఊదేసి, “నేను లెక్క చూడను మేడం. మిమ్మల్నే చూస్తాను. నాకు టైముండదు కదా, అదే తొందరగా తెలుస్తుంది,” అంది.

ఏడాదంతా ఈ పిల్ల నా దగ్గర నేర్చుకున్నది ఇదన్నమాట. నా భుజాలు చదవడం. దాంట్లో చెయ్యి తిరిగింది, ఒక్కసారి కూడా పొరబడి ఉండదు. నేను ఆ మెత్తబడ్డ కాగితం తీసుకుని వెలుతురుకి పట్టి చూశాను. చెరిపినా పెన్సిలు గాట్లు కనిపిస్తున్నాయి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఏడుపొచ్చింది. పిల్ల ముందు ఏడిస్తే అదీ తన తప్పే అనుకుంటుందని దిగమింగుకుని, “ఇంటికెళ్ళమ్మా. నువ్వు చేసింది ఒప్పే,” అన్నాను. పిల్ల నమ్మినట్టు లేదు. సంచీ తగిలించుకుని గోడవారగా వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున్నే హెడ్మాస్టరు గదికి వెళ్ళాను. ఆయన నాకంటే పదేళ్ళు చిన్న. ఎక్కడికెళ్ళినా ‘అవార్డు మేడం మా బళ్ళోనే’ అని చెప్పుకుంటాడు.

“మార్పు ఫారాలు కావాలి,” అన్నాను.

“ఎవరికి మేడం?”

“నా తరగతికి. పదిహేడు.”

ఆయన కళ్ళజోడు తీసేశాడు. “పద్నాలుగేళ్ళలో మీ షీటులో ఒక్క అక్షరం మార్చలేదు మేడం మీరు. ఇప్పుడు మొత్తం మార్చేస్తారా?”

“మారుస్తానని కాదు. ఒక్కొక్కళ్ళతో కూర్చుని చూస్తాను. ఒకమ్మాయిది మాత్రం ఇప్పుడే మార్చాలి.”

“మార్చొచ్చు. కాదనను. కాకపోతే...” అని నీళ్ళు నమిలాడు. “వచ్చేవారం వీడియో వాళ్ళొస్తున్నారు కదా. మీ షీటు పద్ధతి మీదే తీస్తున్నారు. ఈ సమయంలో, అంటే, నలుగురికీ తెలిస్తే...”

“తెలియనివ్వండి.”

ఫారం తెచ్చి ఇచ్చాడు. కారణం అన్న చోట వేలెడంత గడి ఉంది. ‘టీచరు పొరపాటు’ అని రాశాను. ఆయన మెడ చాచి చూశాడు. “పునఃపరిశీలన అని రాయొచ్చు కదా మేడం? గౌరవంగా ఉంటుంది.”

“పొరపాటే సార్,” అన్నాను.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. కింద పిల్ల సంతకం, తల్లిదో తండ్రిదో సంతకం ఉండాలని, శుక్రవారం మూడింటి తర్వాత తన చేతుల్లో కూడా ఉండదని మాత్రం చెప్పాడు. తిరిగొస్తుంటే వరండా పొడవునా ఒక్కటే ఆలోచన. పద్నాలుగేళ్ళు, ఏడాదికొక షీటు. ఒక్కో షీటులో పదిహేడు మందో, ఇరవై మందో. ఆ పిల్లలంతా ఎక్కడున్నారో, ఎవరి మొహాలు చదువుకుంటూ బతుకుతున్నారో. పాత పరీక్ష వాళ్ళకి రెండు గంటలిచ్చేది. నేను పోట్లాడి దాన్ని ఎత్తేయించి, రెండు సెకన్లిచ్చాను. ఆ షీట్లు వెనక్కి తెచ్చే ఫారం ఏ ఆఫీసులోనూ ఉండదు.

రబ్బరు కుళాయిల దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకుంటోంది. పక్కకి పిలిచి ఫారం చూపించాను. లెక్కలు–సైన్సుకి మారుస్తున్నానని, ఇక్కడ సంతకం పెట్టి, సాయంత్రం అమ్మ చేత పెట్టించి రేపు తెమ్మని చెప్పాను. ఎగిరి గంతేస్తుందని కాదు గానీ, కనీసం నవ్వుతుందనుకున్నాను.

“వద్దు మేడం,” అంది.

“వద్దా? అదేంటి? ఆ మిషన్ల చదువు చదువుతానన్నావటగా?”

“అనుకున్నాను. మీరు షీటులో సాధారణం రాశారని ఆఫీసులో తెలిసింది మేడం. అమ్మకి కూడా చెప్పేశాను. ఆ మిషన్లు బాగుచేసే ఆవిడకీ చెప్పేశాను, నాకు కాదని.” పిల్ల సీసా మూత బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది. “నిన్న చేసింది నెమ్మదిగా చేశాను కదా. అక్కడ అంత సేపు ఎవరుంచుతారు?”

నా దగ్గర జవాబుంది. ఉపన్యాసాల్లో చెప్పే జవాబు, బ్యానరు ముందు నిలబడి చెప్పేది. అది చెప్పలేకపోయాను.

“నిన్న నువ్వు చేసినట్టు ఆ తరగతిలో సగం మంది చెయ్యలేరు. వాళ్ళు జవాబు దగ్గరే ఆగిపోతారు. నువ్వు ఎందుకలా తగ్గుతోందో చూశావు. మిషను బాగుచేసేవాళ్ళకి కావాల్సింది అదే,” అన్నాను.

పిల్ల నా మొహం వైపు చూసింది. భుజాల వైపు కూడా చూసింది. నేను కదలకుండా నిలబడ్డాను.

“మరైతే ఇన్నాళ్ళూ నా దగ్గర ఎందుకు ఆగలేదు మేడం?”

ఎదురు చెప్పడానికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నలభై ఒక్క మంది పిల్లలని, సిలబస్ అవ్వాలని, నువ్వు ఏడుస్తావని భయమని, నాకు ఒంట్లో బాగోలేదని, అన్నీ వరసగా నోటిదాకా వచ్చాయి. అన్నీ నిజాలే. ఏదీ జవాబు కాదు.

“నీకు రాదనుకున్నానమ్మా,” అన్నాను.

పిల్ల తల ఊపింది. కోపం లేదు, ఏడుపు లేదు. తను ఎప్పుడో తేల్చుకున్న లెక్కకి నేను ఇప్పుడు జవాబు చదివినట్టుంది.

“నేనూ అదే అనుకున్నాను మేడం. మీకు అవార్డొచ్చింది కదా, మీకు తెలుస్తుందని.”

కుళాయి సరిగ్గా కట్టలేదు, నీళ్ళు కారుతున్నాయి. పిల్లే వెళ్ళి కట్టేసి వచ్చింది. ఫారం తీసుకుని గోడకి ఆనించి మొదటి నుంచి చివరిదాకా చదివింది. కారణం అన్న గడి దగ్గర చాలాసేపు ఆగింది. గంట కొట్టారు, పిల్లలు మా పక్కనుంచి పరుగెడుతున్నారు. నేను ఏమీ అనలేదు. చదవడం అయ్యాక జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టింది.

“అమ్మది రాత్రి డ్యూటీ. నేను బడికొచ్చాకే ఇంటికొస్తుంది, భోజనం గంటలో వెళ్ళి పెట్టించుకొస్తాను. ఒంటిగంటకి తెస్తే సరిపోతుందా మేడం?”

“మూడింటిదాకా ఉంది. నేను ఇక్కడే ఉంటాను,” అన్నాను.

పిల్ల ఫారం మడతపెట్టకుండా లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని క్లాసుకి వెళ్ళిపోయింది. నేను ఖాళీ గది ఒకటి చూసుకుని, కుర్చీ కిర్రుమంటుందేమోనని రెండు మార్చి మూడోది వేసుకున్నాను. ఒళ్ళంతా లాగేస్తోంది. ఇంకా పదహారు మంది ఉన్నారు. కిటికీ వరసలో చివరివాణ్ణి పిలిపించాను. వాడు గుమ్మంలోనే ఆగి, లోపలికి రావాలా వద్దా అని నా మొహం వంక చూస్తూ నిలబడ్డాడు.